చీఫ్ ఇంజనీరు గారి వైరు

శ్రీరామనవమి పొద్దున రామ్మోహనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు యంత్రాలనూ ఒక వైరుతో కలపాలి, ఇంకో వైరు మైకు సెట్టుకు సిద్ధం చేయాలి, ఫలహారం వేళకు స్నానానికి వెళ్లాలి. లింగంపల్లి దగ్గరి ఫ్యాక్టరీ కాలనీలో ఆయన అసిస్టెంటు ఇంజనీరు. ఇంతకన్నా పెద్ద యంత్రాలే బిగించాడు. వాటిలో కొన్ని పనిచేస్తున్నాయి కూడా.

ఈ రెండింటినీ ఫ్యాక్టరీకి వచ్చిన జర్మనీ ఇంజనీరు ఒకాయన తిరిగి వెళ్తూ ఇచ్చిపోయాడు. ఒకటి సింథసైజరు. మెట్లు నొక్కితే వేణువులాగానో వీణలాగానో పలుకుతుంది. రెండోది సీక్వెన్సరు. నాలుగు స్వరాలు అప్పజెబితే, వైరు ద్వారా మొదటిదాని చేత వాటినే తిప్పి తిప్పి వాయిస్తుంది. సాయంత్రం పందిట్లో ఆయన భార్య భ్రమరాంబ పాట వెనక ఇవి వాయించాలి.

భ్రమరాంబ నిజంగా బాగా పాడుతుంది. కానీ ఏటా పందిట్లో ఆవిడ వంతు వచ్చేసరికి కరెంటయినా పోయేది, జనమయినా ప్రసాదానికి లేచేవారు. ఈసారి యంత్రం పుణ్యమా అని కమిటీ మొదటి పాటే ఆవిడకు ఇచ్చింది. పాడే భాగ్యానికి సిఫార్సు ఒక పెట్టె చేయాల్సి వచ్చిందని ఆవిడకు లోపల మంటగానే ఉంది. అయినా సాధన మానలేదు.

మైకు సెట్టుకు రామ్మోహనరావు కోఠీ అంతా తిరిగి సరైన వైరే తెచ్చాడు. సన్నది, లోపల రాగి తీగల వల అల్లినది. పిన్నులు బిగించడం కూడా అయింది. సరిగ్గా అప్పుడే చీఫ్ ఇంజనీరు విశ్వేశ్వరరావు గారు పానకానికి వచ్చారు.

"ఇదేమిటయ్యా, మొలతాడులా ఉంది?"

"చాలండి. బయటి శబ్దాలు దూరకుండా లోపల వల ఉందండి."

"వల చేపలకయ్యా. సరుకు లావుగా ఉంటే శబ్దం ధారాళంగా పారుతుంది. మా ఇంట్లో మంచి ముక్క ఉంది, పంపిస్తానుండు."

శబ్దం నీళ్లలా పారదని రామ్మోహనరావుకు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పై అధికారి అభిమానంగా ఇస్తానంటే వద్దనడం ఆయన వంశంలో లేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది, నలుగురిలో చెప్పేది కాదు.

వైరు వచ్చింది. బొటనవేలంత లావు, ఎర్రటి రంగు. లోపల వలా లేదు, గిలా లేదు. దానికి సరిపడే పిన్నులు హైదరాబాదులోనే లేవు. అందుకని రామ్మోహనరావు మంచి వైరు పిన్నులు కోసి దీనికి అతికించాడు. పిన్నుల తొడుగులు పట్టకపోతే తీసి పారేశాడు. కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడటమంటే ఇదే.

ఆ వైరు వంగదు. బిగించగానే నిటారుగా లేచి సింథసైజరును బల్ల మీద నుంచి తోసేయబోయింది. రామ్మోహనరావు పరుగున పోయి రుబ్బురోలు పొత్రం తెచ్చి వైరు మీద పెట్టాడు.

"ఏమండీ, గారెల పప్పు రోట్లోనే ఉంది," అంది భ్రమరాంబ.

"సాయంత్రం దాకా ఓర్చుకోవే."

"ఆయన వైరు వద్దని చెప్పలేకపోయారా?"

"ఎలా చెప్పను? ముందు వరసలో కూర్చుంటారాయన. వైరు కనపడకపోతే బాధపడతారు."

"నా పాట వినపడకపోతే?"

రామ్మోహనరావు వైరును చంకన పెట్టుకున్నాడు. పొత్రం ఎత్తుకుని పందిట్లోకి నడిచాడు.

సాయంత్రం కాలనీ అంతా వచ్చింది. కొత్తగూడ నుంచి, నల్లగండ్ల నుంచి బళ్లు కట్టుకుని కూడా వచ్చారు. భ్రమరాంబ మైకు ముందు కూర్చుంది. రామ్మోహనరావు మీట నొక్కాడు. వేణువు రెండుసార్లు పలికింది. ఆవిడ నోరు తెరిచేలోగా లౌడుస్పీకరులోంచి ఒక మగ గొంతు గంభీరంగా, "వంగతోటలో కాయతొలిచే పురుగు," అంది.

వల లేని ఆ లావు వైరు గాలిలో పోతున్న రేడియోను పట్టుకుంది. వ్యవసాయదారుల కార్యక్రమం పందిరంతా మోగింది. రామ్మోహనరావు మీటలన్నీ తిప్పాడు. పురుగు గురించి ఇంకా వివరంగా వినపడింది. విశ్వేశ్వరరావు గారు ఇది పీఠిక కాబోలనుకుని తల ఊపుతున్నారు.

భ్రమరాంబ సర్దుకుని మళ్లీ ఎత్తుకోబోయింది. నల్లగండ్ల పెంటయ్య లేచి నిలబడ్డాడు. ఆయనది వంగతోట.

"జర ఆగమ్మా. మందెంత కలపాల్నో చెప్తుండు."

భ్రమరాంబ ఆగలేదు. లేచి వెళ్లి పొత్రాన్ని పక్కకు దొర్లించి, మైకు సెట్టుకు పోయే ఎర్ర వైరును రెండు కొసలా పీకేసింది. వేరే వైరు మీదున్న తన మైకు దగ్గరకు వచ్చి, ఆ ముక్కను అలాగే చేత్తో పట్టుకుని పాడింది. మోహనలో రాముడి కీర్తన. వెనక వేణువూ లేదు, వీణా లేదు. పెంటయ్య మెల్లగా కూర్చున్నాడు. ప్రసాదం వైపు ఒక్కరూ కదలలేదు. రామ్మోహనరావుకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంత పాటకు తాను పెట్టెను అడ్డం పెట్టానని సిగ్గేసింది.

విశ్వేశ్వరరావు గారు వేదికెక్కారు. "ఇంత స్వచ్ఛమైన శబ్దం ఈ పందిట్లో ఎప్పుడూ వినలేదు. పొద్దున నేను లావు వైరు ఇవ్వకపోతే ఏమయ్యేదో ఆలోచించండి."

"వైరు ఇదిగోనండి," అంది భ్రమరాంబ చేతిలోది చూపిస్తూ. "పాటకు ముందే పీకేశాను."

ఆయన దాన్ని ఆప్యాయంగా చూశారు. "చూశారా, పీకేసినా ఎలా పనిచేసిందో. సరుకంటే అదీ."

కింద ఇంజనీర్లందరూ చప్పట్లు కొట్టారు. రామ్మోహనరావు చేతులు కూడా అలవాటుగా లేచాయి. భ్రమరాంబ ఆయన వైపే చూస్తోంది. ఆయన చేతులు దించుకుని నిలబడ్డాడు.

"వైరు కాదండి," అన్నాడు అందరికీ వినపడేలా. "పాడింది మా ఆవిడ. మీ వైరు పాడింది పురుగుమందు గురించి."

సోమవారం ఆయనను కేబుళ్ల గోడౌనుకు మార్చారు.