పళ్ళ తొడుగుల విచారణ

శనివారం ఉదయం ఏడింటికల్లా హాకీ అమ్మాయిలకు పళ్ళకు తొడుక్కునే పదకొండు మౌత్‌గార్డులు అందించి, తార్నాకలో ఇంటికి వచ్చి వేడివేడిగా పెసరట్టు తినాలన్నది రఘువీర్ పథకం. యూనివర్సిటీలో ప్లాస్టిక్‌ల గురించి పాఠాలు చెప్పే అతను ఒక్కొక్కరి పళ్ళ అచ్చు తీసి, వారం రోజులు కష్టపడి వాటిని స్వయంగా చేశాడు. ఆదివారం మ్యాచ్‌లో అవి లేనిదే ఆడనివ్వరు.

అందరూ పెట్టుకుని చూశారు. కెప్టెన్ రాజశ్రీ తనది తీసి, "మంచిగ కూర్చున్నది సార్. దేంతోని చేసిన్రు?" అంది.

"ఈవీఏ అనే ప్లాస్టిక్ అమ్మా. దెబ్బను తనే మింగేస్తుంది. చెప్పుల అడుగున వేసేదీ ఈ జాతే!"

మిగిలిన పది నోళ్ళలోంచి పది గార్డులు బయటికొచ్చాయి.

"ఛీ! చెప్పులు నోట్ల పెట్టుకోవాల్నా?"

"చెప్పులు కాదమ్మా, చెప్పుల జాతి..." అన్నాడు రఘువీర్. అది ఇంకా చెడ్డగా వినిపించింది.

గ్రౌండ్ చుట్టూ నడిచేవాళ్ళ చెవిన పడింది సగమే. హాస్టల్ మెస్సు దగ్గరికి అది "నోట్లో చెప్పు పెట్టాడట" అయింది. తార్నాక చేరేసరికి "మూతి మీద చెప్పుతో కొట్టాడట" అయింది. రఘువీర్ ఇల్లు చేరేలోపే పై వాటా శ్యామలాంబగారు వచ్చి, అతని భార్య సుధామయిని పరామర్శించి వెళ్ళారు.

"ఆడపిల్లల్ని చెప్పుతో కొట్టారటగా?" అంది సుధామయి, అట్లకాడ పట్టుకుని.

అతను నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. క్రీడా విభాగం అధికారి సోమయాజులు. విచారణట, వెంటనే రావాలట.

అక్కడ సాక్షి రాజశ్రీ. "సార్ మిమ్మల్ని చెప్పుతో కొట్టారామ్మా?" అని అడిగారు సోమయాజులు.

"అయ్యో, కొట్టలే సార్. నోట్ల పెట్టిన్రు, గంతే."

సోమయాజులు కలం కింద పెట్టేశారు.

ఇక మాటలతో లాభం లేదని రఘువీర్ ఇద్దరినీ ల్యాబ్‌కు తీసుకెళ్ళాడు. కొత్త ప్లాస్టిక్ పలకను యంత్రంలో వేడిచేశాడు. అది మెత్తబడి మధ్యలో జారగానే పళ్ళ అచ్చు మీదికి దించి, కింది నుంచి గాలి లాగేశాడు. పలక పళ్ళకు చర్మంలా అతుక్కుపోయింది.

"గిండ్ల చెప్పే లేదు కద సార్!" అంది రాజశ్రీ.

సోమయాజులుకు ముచ్చటేసింది. "నిద్రలో పళ్ళు కొరుకుతానండీ, మా ఆవిడకి కునుకుండదు. నాకూ ఒకటి చేసి పెట్టరూ?"

రఘువీర్ అచ్చు తీసే గులాబీ రంగు ముద్ద నింపిన ట్రే ఆయన నోట్లో పెట్టి, "మూడు నిమిషాలు కదలకండి" అన్నాడు. రెండో నిమిషంలో పై అధికారి ఫోన్. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో సోమయాజులు ఆ ఫోన్ ఎత్తని రోజు లేదు.

"విచారణ ఏమైందండీ? నిజంగానే కొట్టాడా?"

"ఊఁ... ఊఁ!" అన్నారు సోమయాజులు, కాదని తల అడ్డంగా ఊపుతూ.

"మిమ్మల్ని కూడానా?"

"ఊఁ ఊఁ ఊఁ!"

ట్రే తీశాక ఆయన అంతా వివరించారు, పై అధికారి పడీపడీ నవ్వారు. కానీ "సోమయాజులుగారినీ కొట్టాడట" అన్న వార్త అప్పటికే గేటు దాటింది.

ఆదివారం రాజశ్రీ మూతికి బంతి తగిలినా ఒక్క పన్నూ కదల్లేదు. అమ్మాయిలు గెలిచారు.

సోమవారం ఉదయం అబ్బాయిల జట్టు, ఎవరూ పిలవకుండానే, పళ్ళ అచ్చులివ్వడానికి ల్యాబ్ ముందు వరుసగా నిలబడింది, చేతులు కట్టుకుని.