మునసబు గారి విగ్రహం

పొద్దున్న తొమ్మిదింటికి కొబ్బరికాయ కొట్టి, ముసుగు తీసి, పదింటికల్లా పశువుల్ని మేతకు తోలుకుపోవాలి. పైడిరాజు అనుకున్నది ఇంతే. మునగపాక రోడ్డు మలుపులో, సిమెంటు దిమ్మ మీద దుప్పటి కప్పుకుని నిలబడి ఉన్నది అతని కుక్క మునసబు బొమ్మ. నిరుడు వానాకాలంలో లారీకి ఎదురెళ్ళిన దూడను పక్కకు తోలబోయి అది అక్కడే పోయింది. మందను కాసే ఆ నాటు జాతి కుక్కలు ఊళ్ళో ఇంక రెండే మిగిలాయి. వాటి పనితనం రోడ్డున పోయేవాళ్ళకైనా తెలియాలని పైడిరాజు కోరిక.

స్థలం అనకాపల్లి బెల్లం వ్యాపారి వెంకటరమణమూర్తిగారిది. "మీ చెరకుతోట మూలన చిన్న బొమ్మెట్టుకుంటాను బాబూ" అని అడిగితే, ఏం బొమ్మో కనుక్కోకుండానే సరేనన్నారు. ఫ్లెక్సీలు వేసే కన్నబాబు అంత మర్యాదస్తుడు కాకపోతే అక్కడితో కథ అయిపోయేది. "మంద కాసే కుక్కల జాతికి గుర్తుగా మునసబు విగ్రహం" అని పైడిరాజు రాసిచ్చాడు. పెద్దమనిషి పేరు పక్కన కుక్కలేమిటని కన్నబాబు ఆ ముక్క ఎగరగొట్టి, పేరు చివర "గారి" తగిలించాడు.

మూర్తిగారి తాత ఒకప్పుడు ఆ ఊరి మునసబు. ఫ్లెక్సీ ఫొటో ఫోన్లో చూసిన మూర్తిగారు ఎనిమిదిన్నరకే రెండు కార్ల బంధువులతో, మైకుతో, బారెడు బంతిపూల దండతో దిగిపోయారు.

"ఊరు మా తాతగారిని మర్చిపోలేదయ్యా," అంటూ ఆయన అతన్ని కావలించుకున్నారు.

"బాబూ, అదేటంటే..."

"నువ్వేం చెప్పకు. నాకంతా తెలుసు."

పైడిరాజు భార్య దేముడమ్మ మోచేత్తో పొడిచింది. "నువ్వు సెప్తావా, నాను సెప్పీనా?"

"సెప్తాను. ఆ దండ కిందెట్టనీ."

ఆయన దండ కింద పెట్టలేదు. దుప్పటిని ఎగాదిగా చూసి, "కూర్చున్నట్టు చేయించావా?" అన్నారు.

"లేదు బాబూ, నిలబడే ఉంది... ఉన్నాడు."

"మరింత పొట్టిగా ఉన్నారేం? తాతగారు ఆరడుగులు."

"కొంచెం ఒంగున్నాడు బాబూ. మందని సూత్తన్నట్టు."

"జనం కోసం నడుం వంచి పనిచేసిన మనిషి," అని మూర్తిగారు మైకందుకున్నారు.

ఉపన్యాసం అరగంట సాగింది. ముసుగు తీస్తే ఈయన పరువు పోతుంది. పరువు పోయినాయన ఆ బొమ్మను తన పొలంలో ఉండనిస్తాడా? కూలగొడితే మునసబు రెండోసారి చచ్చిపోయినట్టే. పైడిరాజుకు ఏడుపొచ్చింది.

మూర్తిగారే దుప్పటి లాగారు. నిక్కబొడుచుకున్న చెవులు, ముందుకు వేసిన కాలు. కుక్కతోక వంకరంటారు గానీ, బొమ్మ చేసినవాడు దీని తోకను కర్రలా నిలబెట్టాడు. పిల్లలు నవ్వారు. పెద్దలు నవ్వలేక దగ్గారు.

"ఇదేమిటి పైడిరాజూ?"

"మా కుక్క బాబూ. దాని పేరే మునసబు. తప్పు నాదే. ఆ బొమ్మనేటీ సెయ్యకండి."

"కుక్కకు మా తాతగారి పేరు పెడతావా?"

"ఆడు కాదు, నాను పెట్టేను," అంటూ పైడిరాజు తల్లి అప్పలకొండమ్మ కర్ర పోటేసుకుంటూ ముందుకొచ్చింది. ఎనభై దాటిన మనిషి, ఆమెకు ఇంకెవరి భయం?

"నాను కొత్త కోడలప్పుడు, మీ తోటలో పడిందని మీ తాత మా ఆవుని బందెలదొడ్డిలో మూడ్రోజులు కట్టించేడు బాబూ. పాల్లేక ఇంటికాడ దూడ సచ్చిపోయింది. ఆ మంట ఇన్నేళ్ళైనా సల్లారక, రోజుకి పదిసార్లు ఆ పేరెట్టి తిట్టుకుందావని ఈ కుక్కకి ఎట్టేను."

"మరి తిట్టారా?" అన్నారు మూర్తిగారు.

"ఏటి తిట్టను? ఎవులి తోటలో ఎవులి పశువు పడినా దొడ్డికి తోల్లేదది. ఇంటికి తోలుకొచ్చేసేది. ఒక్కసారీ తిట్టే పని పడలేదు."

బంధువులు కార్ల వైపు కదిలారు. మూర్తిగారు మాత్రం దండతో దిమ్మ దగ్గరకు వచ్చారు.

"ఆ దూడ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పలేదమ్మా," అన్నారు. దిమ్మ ఎక్కి, దండ కుక్క మెడలో వేశారు. పైడిరాజు తలపాగా విప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

అరవై ఏళ్ళుగా ఊళ్ళో ఆ పేరు మీదున్న మచ్చ చెరిగిపోయింది గానీ, చెరిపింది ఆ వంశంవాళ్ళు కాదు, మంద కాసిన కుక్క.