మూడో వార్డు పెట్టె వేడి

కోటేశ్వరి భయమల్లా ఒక్కటే: వార్డు ఆఫీసులో ఉన్న చిన్న కంప్యూటరు వేడి, వరస ప్రకారం, రెండున్నరేళ్ల తన కూతురు మోక్షిత ఒంటికి వచ్చేస్తుందని. ఆ వరస వచ్చింది కూడా. గురువారం సాయంత్రం ఆమె పాలు కాస్తుండగా ఆఫీసువాళ్లు చీటీ ఇచ్చి వెళ్లారు. పసుప్పచ్చ కాగితం మీద పాప పేరు, కార్డు నంబరు, శనివారం తేదీ, కింద "వేడి: ఒక రోజు" అని అచ్చయి ఉన్నాయి.

రాళ్లపేటలో ఇదేమీ వింత కాదు. ఆ పెట్టె పోయిన దసరా ముందు మూడో వార్డు ఆఫీసుకు వచ్చింది. అన్నం క్యారియరులో ఒక గిన్నెంత ఉంటుంది. లోపల ఫ్యాను లేదు కాబట్టి చప్పుడు చెయ్యదు, కరెంటు తక్కువ తాగుతుంది. వార్డులోని పన్నెండు వందల రేషన్ కార్డులూ, పుట్టినవాళ్లూ, పోయినవాళ్లూ, పింఛన్లూ అన్నీ అందులోనే. చలి తగ్గీ తగ్గగానే అది పొయ్యి మీది పెనంలా కాలి, ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. పైకి రాస్తే జవాబు వచ్చింది. ఫ్యాను లేని యంత్రానికి ఫ్యాను మంజూరు చేసే నిబంధన లేదనీ, పెట్టెలో పేర్లున్నవారి వల్లే పెట్టె వేడెక్కుతోంది కనుక ఆ వేడిని వారే వంతులవారీగా పంచుకోవాలనీ అందులో ఉంది. ఆ మర్నాటి నుంచి రోజుకు ముప్పై కార్డుల చొప్పున, కార్డుకు ఒకరికి, జ్వరం వస్తోంది.

జనం అలవాటు పడ్డారు. బడిలో ఆ చీటీనే సెలవు చీటీగా తీసుకుంటున్నారు. గ్రానైటు ఫ్యాక్టరీలో చీటీ ఉన్నవాణ్ణి కోత మిషను దగ్గర పెట్టకుండా రాళ్ల మీద నీళ్లు కొట్టే పనికి పెడుతున్నారు. పెళ్లి ముహూర్తాలు పెట్టుకునేవాళ్లు ముందు ఆఫీసుకు వెళ్లి పెళ్లికొడుకు వంతు ఎప్పుడో కనుక్కుంటున్నారు. కోటేశ్వరి అత్త నాగరత్తమ్మకు శివరాత్రినాడు వచ్చింది. భర్త ఏడుకొండలుకు ఉగాది దాటాక వచ్చింది. వైశాఖంలో కోటేశ్వరికి వచ్చింది. కార్డులో ఆమె తర్వాతి పేరు మోక్షిత.

ఆ పేరు ఎక్కించింది కోటేశ్వరే. నెలకు ఐదు కిలోల బియ్యం పెరుగుతాయని, పసిబిడ్డను ఎత్తుకుని మూడు రోజులు ఆఫీసు గుమ్మంలో నిలబడి మరీ ఎక్కించుకుంది. ఆ తర్వాత పదకొండో నెలలో పాపకు మామూలు జ్వరమే వచ్చి, జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకుని, పెదాలు నల్లబడిన ఆ రెండు నిమిషాలూ కోటేశ్వరి కళ్లముందు నుంచి ఇప్పటికీ పోలేదు. ఈ పిల్లకు జ్వరం ఎక్కనివ్వకండి అని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి ఆమె ఏ పనిలో ఉన్నా గంటకోసారి వచ్చి పాప నుదుటి మీద చెయ్యి పెట్టి వెళ్తుంది.

శుక్రవారం పొద్దున్నే పాపను చంకనేసుకుని ఆఫీసుకు వెళ్లింది. సీనియర్ అసిస్టెంటు శరభయ్య మంచివాడు. ఆయన వంతు మొన్ననే అయింది. ఇంకా నోరు చేదుగానే ఉందని లవంగం బుగ్గన పెట్టుకుని ఉన్నాడు.

"పసిబిడ్డక్కూడా రాస్తారా సార్?"

"మేం రాసేదేముందమ్మా, అదే రాసుద్ది. కార్డులో పేరుంటే వంతుంటది. పేరెక్కించమని మూడ్రోజులు నా పానం తీసింది నువ్వేగా."

"బియ్యానికి ఎక్కించుకున్నా గాని జొరానికి ఎక్కించుకోలేదు సార్."

"పెట్టెకి రెండూ ఒకటే."

"పిల్లలకి మినహాయింపు ఉండదా?"

"ఎందుకుండదు? ఐదేళ్ల లోపైతే సగం. పొద్దున్నించి మద్దేనం దాకా. మొత్తానికే వద్దంటే అర్జీ పెట్టుకోవచ్చు." శరభయ్య గొంతు తగ్గించాడు. "పెట్టుకోమాక. అర్జీ ఎక్కించామంటే పెట్టె ఇంకా కాలుద్ది. ఆ ఎగస్ట్రా వేడి అర్జీ పెట్టినోళ్ల పేరు మీదే పడుద్ది. మంగళారం ఒకాయన పెట్టుకుని, నూట నాలుగు జొరంలో పడున్నాడు."

"పోనీ పేరు తీసెయ్యండి."

"తియ్యాలంటే మరణ ధ్రువపత్రం కావాలమ్మా."

కోటేశ్వరి పాపను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "ఆ పెట్టెను ఒకసారి చూపియ్యండి సార్."

"చూసి ఏం జేస్తావు?"

"బిడ్డను ఎవురికి ఇస్తన్నానో చూస్తా."

శరభయ్యకు ఆ మాట నిబంధనలకు విరుద్ధంగా ఏమీ కనిపించలేదు. చెక్క బీరువా తలుపు తెరిచాడు. పాత రిజిస్టర్ల మధ్య, గాలాడని అరలో, పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టారు. పైన పట్టు జాకెట్టు ముక్క కప్పారు. ఆయుధపూజనాడు పెట్టిన బొట్లు, ఎండిన బంతిపూలు దాని మీద అలాగే ఉన్నాయి. జాకెట్టు ముక్క కింద, వచ్చిననాటి ప్లాస్టిక్ కవరు. వైర్ల కోసం వెనక చేసిన కన్నంలోంచి దుమ్మూ, సాంబ్రాణి పొగా దూరి లోపల బూజులా పేరుకున్నాయి. ఒక పక్కకు ఎత్తి చూస్తే పెట్టె వీపు మీద లోహపు రెక్కలు వరసగా ఉన్నాయి. అచ్చం ఏడుకొండలు బండి ఇంజినుకున్న రెక్కల్లాంటివే.

"కవరు తియ్యలేదేం సార్?"

"తీస్తే పాతదైపోద్ది గదమ్మా. పైగా స్టాకు రిజిస్టర్లో 'కవరుతో సహా ఒకటి' అని రాసుంది. రేపు తనిఖీకొచ్చి కవరేదంటే నేనేం జెప్పేది?"

కోటేశ్వరికి ఆ మాట బాగానే అర్థమైంది. వాళ్లింట్లో టీవీ రిమోటు ఇప్పటికీ కవరులోనే ఉంది. పాపకు కొన్న చిన్న కుర్చీకీ కవరు విప్పలేదు. అందులో కూర్చుని లేచిన ప్రతిసారీ పాప తొడల వెనక చెమటకాయలు లేస్తాయి, ఆమె పౌడరు రాస్తుంది. ఎనిమిదో తరగతి పరీక్షలు కాగానే ఆమెను బడి మానిపించారు. కానీ వేడన్నం గిన్నెకు మూత పెట్టి, గుడ్డ చుట్టి, పెట్టెలో దాస్తే అది చల్లారదని తెలుసుకోవడానికి తొమ్మిదో తరగతి అక్కర్లేదు.

శరభయ్య, పిల్లతల్లి ఉంది కదా చూసుకుంటుందని, టీకి వెళ్లాడు. కోటేశ్వరి పాపను రిజిస్టర్ల కట్ట మీద కూర్చోబెట్టి స్విచ్చి ఆపింది. జాకెట్టు ముక్క తీసి మడతపెట్టింది. కవరు విప్పింది. సంచిలో పాలసీసా కడిగే బ్రష్షు ఉంది. దానితో రెక్కల సందుల్లోని దుమ్మంతా లాగింది. పెట్టెను బీరువాలోంచి తీసి, ఎండ పడని కిటికీ దగ్గర, కిందనుంచి గాలి వెళ్లేలా రెండు ఇంకు ప్యాడ్ల మీద నిలువుగా నిలబెట్టి, మళ్లీ స్విచ్చి వేసింది. శరభయ్య వచ్చి చెయ్యి ఆనించి చూశాడు.

"నీళ్ల కుండలాగుందే," అన్నాడు. సంతోషించాలో వద్దో ఆయనకు తెలియలేదు.

శనివారం తెల్లవారినప్పటి నుంచి కోటేశ్వరి పాప నుదుటి మీద చెయ్యి తియ్యలేదు. మధ్యాహ్నానికి పాప మామిడికాయ ముక్క కావాలని మారాం చేసింది. జ్వరం రాలేదు. ఆ రోజు చీటీ ఉన్న ముప్పై మందిలో ఒక్కరికీ రాలేదు.

పదకొండు రోజులు రాళ్లపేటకు జ్వరం లేదు. నాలుగో రోజునే ఆఫీసు ముందు ఆడవాళ్లు బారు కట్టారు. చీటీ వచ్చి జ్వరం రాకపోతే కార్డులోంచి పేరు తీసేసినట్టేనని వాళ్ల దిగులు. నాగరత్తమ్మ కూడా వెళ్లి నిలబడింది.

"అత్తయ్యా, పెట్టె చల్లబడింది. అందుకే రావట్లేదు," అంది కోటేశ్వరి.

"చల్లబడితే మనకేంటే, మన జొరం మనకి రావాల. ఇయ్యాల జొరం ఆపారు, రేపు బియ్యం ఆపుతారు. పోయిన పేరు మళ్లా ఎక్కించాలంటే ఈసారి ఎవురు నిలబడతారు, నువ్వా?"

పన్నెండో రోజున తనిఖీకి అధికారి వచ్చాడు. పెట్టె పని చేస్తోందని రాసుకున్నాడు. వేడి పంపిణీ జరగలేదని రాసుకున్నాడు. కవరు లేదని రాసుకున్నాడు. శరభయ్య లవంగం నమలడం ఆపేశాడు. ఆయనకు రిటైరు కావడానికి ఏడు నెలలుంది.

అత్తకు తోడుగా బారులో నిలబడ్డ కోటేశ్వరి ముందుకు వచ్చింది. "నేనే సార్. పాలసీసా బ్రష్షుతో."

అధికారి కోపగించుకోలేదు. "అంటే పదకొండు రోజులు ఫ్యాను పని నువ్వు చేశావన్నమాట."

"నేనేం చెయ్యలేదు సార్. కవరు తీశానంతే. ఇంక ఎవురికీ జొరం అక్కర్లా."

"కవరు తియ్యడానికి నిబంధన లేదమ్మా. ఫ్యానుగా ఒకరు పనిచేశారని తేలింది కనక ఫ్యాను ఉన్నట్టు రాసుకోవచ్చు. అప్పుడు వేడంతా ఫ్యానుకే పోద్ది. మిగతావాళ్లకి చీటీలుండవు, పేర్లుంటాయి."

"మా పాపకి రాదుగా?"

"రాదు."

అధికారి ఇచ్చిన కాగితం మీద కోటేశ్వరి సంతకం చేసింది. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న సంతకం, ఇంటి పేరుతో సహా. కింద నామినీ అని ఒక గడి ఉంది. అది ఖాళీగా ఉండకూడదన్నారు. "అందరూ పిల్లల పేరే రాస్తారమ్మా," అన్నాడు శరభయ్య. బ్యాంకు పుస్తకంలోనూ, పొదుపు సంఘంలోనూ ఆమె అలాగే రాసింది. ఇక్కడా గుండ్రటి అక్షరాలతో మోక్షిత అని రాసింది. ఆ కాగితం నకలు ఇంట్లో కూడబలుక్కుని చదివేసరికి రెండు రోజులు పట్టింది. ఫ్యాను హాజరు కాని రోజున వేడి నామినీకి చెందుతుంది అని ఆఖరి వరసలో ఉంది.

పెట్టెకు కవరు తొడిగి, జాకెట్టు ముక్క కప్పి, బీరువాలో పడుకోబెట్టారు. ఆ పక్కన స్టూలు వేశారు. కోటేశ్వరి పది నుంచి ఐదింటిదాకా కవరు మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. ఒంట్లో జ్వరం నూట రెండుకు తగ్గదు. వచ్చినవాళ్లు ఆఫీసు ఈమధ్య చల్లగా ఉందంటారు. ఆమెను చూసి, మంచి ఉద్యోగం, కూర్చునే పని అంటారు. నాగరత్తమ్మ వీధిలో వాళ్లకు, మా కోడలు ఆఫీసులో చేస్తంది అని చెప్పుకుంటోంది. ఇంటికి వచ్చాక కోటేశ్వరి పాప నుదుటి మీద చెయ్యి పెడుతుంది. తన చెయ్యే కాలుతున్నందువల్ల పాప ఒళ్లు ఎప్పుడూ చల్లగానే తగులుతుంది. అది నిజమైన చల్లదనమో కాదో ఆమెకు తెలియడం లేదు.

మీకు మూడో వార్డు ఆఫీసులో ఏదైనా పని పడితే, కాగితం ఇచ్చేశాక చెక్క బీరువా పక్కకు ఒకసారి వెళ్లండి. స్టూలు మీద ఆమె ఉంటే మంచినీళ్లు తాగిందో లేదో అడగండి. స్టూలు ఖాళీగా ఉంటే అక్కడ ఎవరినీ ఏమీ అడగొద్దు. నేరుగా నీళ్ల ట్యాంకు వెనక మూడో ఇంటికి వెళ్లి, కవరు విప్పని చిన్న కుర్చీలో కూర్చున్న పాప నుదుటి మీద, మీ చెయ్యి చల్లగా ఉంటే, ఒకసారి పెట్టి చూడండి.