పళ్ళ ఫైలులో ఎనిమిదో గడి

సోమవారం ఉదయం అద్దం ముందు నిలబడి కొటేషన్ గారు ఆ రోజు పనుల్ని మూడుగా విభజించుకున్నాడు. పదింటికి ఆఫీసుకు చేరడం, భోజనాల వేళకు పళ్ళ విషయం తేల్చేయడం, నాలుగింటికి డాక్టరుకు ఫోను చేయడం. ఆయన ఏదైనా మూడుగానే ఆలోచిస్తాడు. ఒక పెద్ద కార్యాలయంలో కొనుగోళ్ళ విభాగానికి సూపరింటెండెంటు. గుండుసూది దగ్గర్నుంచి జనరేటరు దాకా మూడు చోట్ల కొటేషన్లు తెప్పించి, వాటిని పక్కపక్క గళ్ళలో రాసి పోల్చి చూడనిదే దేన్నీ కొననివ్వడు. ఇరవై ఏళ్ళుగా అదే పని కావడంతో అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండిపోయి, జనం నోళ్ళలో కొటేషన్ గారు స్థిరపడిపోయాడు.

ఆయనకు నలభై నాలుగేళ్ళు. పై పళ్ళు రెండు ముందుకు తోసుకొచ్చాయి. కోరపన్ను పక్కదాని భుజమెక్కి కూర్చుంది. కింది వరుస సంగతి చెప్పనక్కర్లేదు, ఆఫీసు వేళ బస్సే. చిన్నప్పుడు బడిలో ఎవరో వెక్కిరిస్తే నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి ఇంతవరకూ కిందికి దిగలేదు. నవ్వొస్తే చాలు, పిడికిలి దానంతటదే నోటి దగ్గరికి వెళ్ళిపోతుంది. చూసేవాళ్ళు దగ్గనుకుంటారు. పోయిన నెల ఎవరిదో పదవీ విరమణ సభలో ఫొటో తీశారు. అందులో అందరూ నవ్వుతున్నారు, ఈయనొక్కడూ దగ్గుతున్నాడు. ఆ ఫొటోని నోటీసు బోర్డుకు అంటించారు. దాని ముందు ఆగి ఎవరో, "ఈ చివరాయనెవరు? మనవాడేనా?" అని అడగడం వెనకనుంచి వస్తున్న కొటేషన్ గారి చెవిన పడింది. పళ్ళకు క్లిప్పులు వేయించుకోవాలని ఆ సాయంత్రమే తీర్మానించుకున్నాడు.

తీర్మానమైతే అయింది గానీ, నమ్మకమైన డాక్టర్ని పట్టుకోవడం ఎలా? మామూలు మనుషులైతే బావమరిదిని అడుగుతారు, పక్కింటావిణ్ణి అడుగుతారు, టీ తాగుతూ పక్క సీటాయన్ని అడుగుతారు. కొటేషన్ గారికి బావమరిది లేడు. పక్క వాటాలోకి పదకొండేళ్ళలో నలుగురు వచ్చి నలుగురూ వెళ్ళారు. ఒక్కరి పేరూ తెలీదు. టీ కూడా తన సీట్లోనే ఒక్కడూ కూర్చుని తాగుతాడు. మిగిలింది ఆదివారం ఆదివారం ఫోను చేసే అక్క. ఆవిడుండేది రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరంలో.

"క్లిప్పులా? ఈ వయసులోనా? పెళ్ళిచూపులేమైనా పెట్టుకున్నావేంట్రా?" అంది అక్క.

"లేదక్కా. ఊరికే, కాస్త నవ్వుదామని."

"ఎవరితో?"

అక్క వేళాకోళానికే అంది. ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయని ఫోను పెట్టేసింది. కొటేషన్ గారు మాత్రం ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ చాలాసేపు మంచం మీదే కూర్చున్నాడు.

చివరికి తనకు తెలిసిన విద్యనే నమ్ముకున్నాడు. మూడు ఆసుపత్రులు తిరిగాడు. మొదటి డాక్టరు నోరు తెరవమనకుండానే ఆరు నెలల్లో ముత్యాల వరుస గ్యారంటీ అన్నాడు. ఎక్స్‌రే అక్కర్లేదా అని అడిగితే, "మీ మొహం చూస్తేనే తెలిసిపోతోంది సార్," అన్నాడు. రెండో డాక్టరు మర్యాదస్తుడు. చిగుళ్ళ వైద్యమూ ఆయనే, కట్టుడు పళ్ళూ ఆయనే. క్లిప్పుల పనికి వేరే చదువుందని ఒప్పుకుంటూనే, ఏడాదిలో సర్దేస్తానన్నాడు. మూడో డాక్టరు ఒక ఆవిడ. వరసలు సరిచేసే చదువే ప్రత్యేకంగా చదివింది. ముందు చిగుళ్ళు తడిమింది, ఎక్స్‌రే తీయించింది, పాత రోగుల ఫొటోలు చూపిస్తూ తను సరిగ్గా కుదర్చలేకపోయిన కేసు కూడా దాచకుండా చూపించింది.

"రెండేళ్ళు పడుతుంది. నాలుగు పళ్ళు తీస్తేగానీ మిగతావాటికి చోటు రాదు," అంది. "తొందరేం లేదు, ఇంకొకళ్ళని కూడా అడిగి రండి."

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత నర్సు సూదులున్న పళ్ళెం పట్టుకుని అటుగా వెళ్ళింది. కొటేషన్ గారు కూర్చున్న కుర్చీలోనే ఒక పక్కకి ఒరిగిపోయాడు. మొహాన నీళ్ళు చల్లాక కళ్ళు తెరిచాడు.

"పళ్ళు తీసే రోజు తోడు లేకుండా రాకండి," అంది డాక్టరు. "తోడొస్తేనే తీస్తాను."

సోమవారం పొద్దున్న ఆయన ఆఫీసులో కూర్చుని, పైన తన పళ్ళ వంకరలన్నీ వర్ణించి, ఇదంతా పద్ధతి ప్రకారం పట్టికగా వేశాడు. చదువు, ఎక్స్‌రే, పాత రోగుల ఫొటోలు, చెప్పిన మాటలో నిజాయితీ, ఇలా ఏడు గళ్ళు. ఏడింట్లోనూ మూడో డాక్టరే మేలు. ఎనిమిదో గడిలో 'తోడు అవసరమా' అని రాసి, మొదటి ఇద్దరి కింద 'లేదు' అనీ, ఆవిడ కింద 'అవును' అనీ వేశాడు. అడుగున 'రెండవ వారిని సిఫారసు చేయడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. కాగితాలు అట్టలో పెట్టి ట్యాగు కట్టి, సమావేశ మందిరం కుర్చీల ఫైలు కింద తోసి భోజనానికి వెళ్ళాడు. ఇంటి కాగితాన్ని ఫైలులా కట్టకుండా ఉండటం ఆయనకు చేతకాదు. కొంప మునిగింది అక్కడే.

తిరిగొచ్చేసరికి బల్ల ఖాళీ.

"ఇక్కడ ఫైలుండాలే?" అని అటెండర్ని అడిగాడు. అటెండరు ఈయనకంటే పదేళ్ళు పెద్ద, పనిలో చురుకు.

"ఒకటి కాదు సార్, రెండున్నాయి. రెండిట్లోనూ మీ సంతకముంది. నంబర్లు వేయించి పంపించేశా."

కొటేషన్ గారు పరుగున స్టోర్సుకు వెళ్ళాడు.

"ఏ ఫైలండీ?" అన్నాడు స్టోర్ కీపరు.

"అదే... చిన్న మరమ్మతుది."

"దేని మరమ్మతు?"

పళ్ళ గురించి చెప్పాలంటే పళ్ళు కనపడేలా నోరు తెరవాలి. "సరేలెండి," అని బయటికొచ్చేశాడు. ఆ ఆఫీసులో ఫైలు మొదటి పేజీ చదివే అలవాటు ఎవరికీ లేదు. చివరి కాగితం చూసి, తమ విభాగం ఎప్పుడూ రాసే వాక్యం రాసి పైకి తోసేస్తారు. స్టోర్సువారు 'తొలగించిన పాత సామగ్రి నాలుగు శాల్తీలు స్టోర్సుకు అప్పగించి రసీదు పొందవలెను' అని రాశారు. ఇంజనీరింగువారు 'మరమ్మతు కన్న మొత్తం మార్పిడి మేలేమో పరిశీలించవలెను' అన్నారు. కొటేషన్ గారు ఒక విభాగానికి చేరేసరికి ఫైలు తర్వాతి విభాగానికి చేరేది. మంగళవారమంతా నాలుగంతస్తుల మెట్లు ఎక్కి దిగేసరికి ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

బుధవారం ఫైలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది. పైన ఎర్ర సిరాతో అభ్యంతరం ఉంది. 'ఏడు అంశాలలో మూడవ వారు మేలు కాగా, రెండవ వారిని సిఫారసు చేయుటకు కారణము తెలుపవలెను.' కింద ఆడిట్ మేడమ్ సంతకం. ఆ ఆఫీసులో మొదటి పేజీ నుంచి చదివే మనిషి ఆవిడొక్కతే. అందుకే ఆవిడతో కలిసి భోజనానికి ఎవరూ కూర్చోరు.

కొటేషన్ గారు ఫైలు పట్టుకుని ఆవిడ గదికి వెళ్ళాడు. "మేడమ్, ఇది పొరపాటున వచ్చింది. నా సొంత విషయం."

"తెలుసండీ. పళ్ళని రాసుంది, నాకు చదవడం వచ్చు."

"మరి అభ్యంతరమెందుకు పెట్టారు?"

"తప్పుంది గనక. మంచి డాక్టర్ని చేతిలో పెట్టుకుని, పని సరిగా రానాయనకి నోరప్పగిస్తున్నారు."

"ఫైలు మూసేయండి మేడమ్, దణ్ణం పెడతాను."

"నంబరు పడింది. జవాబు లేకుండా మూస్తే పైవాళ్ళు నన్నడుగుతారు. ఒక్క ముక్క రాసివ్వండి చాలు."

ఆ ఒక్క ముక్క రాయడానికి కొటేషన్ గారికి సాయంత్రమైంది. కార్యాలయ భాషలో ఎన్ని రకాలుగా తిప్పి రాసినా మాట ఒక్కటే తేలింది. 'తోడు వచ్చు వ్యక్తి ఎవరును లేనందున.' రాసింది ఒకసారి చదువుకున్నాడు. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, తనతో తను కూడా అనుకోలేదు. ఇప్పుడది నంబరుతో, తేదీతో, తన సంతకంతో కాగితం మీద ఉంది. ఆయనకు ఏడుపొచ్చింది. అటెండరు కిటికీలు వేయడానికి రావడంతో ఫైలు మూసి పంపించేశాడు.

గురువారం డైరెక్టరు పిలిచాడు. బల్ల మీద ఫైలు తెరిచి ఉంది.

"ఈ పళ్ళు మీవేనా?"

"నావే సార్."

"ఆఫీసు కాగితాలెన్ని వాడారు?"

"నాలుగు సార్. రేపు తెచ్చిచ్చేస్తాను."

డైరెక్టరు ఊఁ అని పేజీలు తిప్పాడు. చివరి కాగితం దగ్గర ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకుని అదే చదివాడు. "సరే, వెళ్ళండి," అన్నాడు. ఆ గొంతులో కోపముందో లేదో కొటేషన్ గారికి అంతుపట్టలేదు. ఉద్యోగం ఊడుతుందని ఖాయం చేసుకుని, సొరుగులోని సొంత వస్తువులు సర్దుకున్నాడు. ఒక గ్లాసు, ఒక గొడుగు. రెండు నిమిషాల్లో అయిపోయింది.

శుక్రవారం ఉత్తర్వు వచ్చింది. 'రెండవ వారి సిఫారసు తిరస్కరించడమైనది. మూడవ వారిని ఆమోదించడమైనది. తోడు కొరతను అంతర్గత వనరుల నుండి భర్తీ చేసుకొనవలెను. అభ్యంతరము లేవనెత్తిన విభాగమే పర్యవేక్షించవలెను.'

దాన్ని మూడోసారి చదువుతుండగా ఆడిట్ మేడమ్ వచ్చి బల్ల ముందు నిలబడింది. "రేపు పదిన్నరకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పది కల్లా మీ వీధి చివర ఉంటాను. ఖాళీ కడుపుతో రాకండి."

"మీకెందుకు మేడమ్ శ్రమ? డైరెక్టరుగారు ఏదో అలవాటు ప్రకారం రాసేసి ఉంటారు..."

"ఉత్తర్వు ఉత్తర్వేనండీ," అని ఆవిడ వెళ్ళిపోయింది.

శనివారం ఆసుపత్రిలో ఇద్దరూ మధ్యలో ఒక కుర్చీ వదిలేసి కూర్చున్నారు. నర్సు ఫారం ఇచ్చింది. 'వెంట వచ్చినవారు' అన్న చోట ఆడిట్ మేడమ్ పేరు రాసి సంతకం చేసింది. 'బంధుత్వం' అన్న చోట ఒక్క క్షణం ఆగి, 'ఆడిట్' అని రాసింది.

"పోయినేడు నా కంటికి ఆపరేషనైంది," అంది ఎటో చూస్తూ. "అప్పుడూ ఇదే ఫారం. నాకూ ఎవరూ లేరు. టాక్సీ డ్రైవర్ని తమ్ముడని చెప్పి సంతకం పెట్టించాను. నన్ను లోపలికి తీసుకెళ్తుంటే నర్సు, తమ్ముడుగారూ ధైర్యంగా ఉండండి అంది. వాడు పాపం, మీటరు తిరుగుతోందక్కా, త్వరగా రా అన్నాడు."

కొటేషన్ గారు పకపకా నవ్వాడు. వరండాలో వాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా. నవ్వు ఆగాకగానీ తెలీలేదు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదని. ఆడిట్ మేడమ్ ఆయన పళ్ళకేసి పరీక్షగా చూసింది. "పట్టికలో రాసినంత ఘోరంగా ఏం లేవు," అంది. "మీరు ఎక్కువ చేసి చూపించారు."

ఆ రోజు రెండు పళ్ళు తీశారు. సూది కనిపించినప్పుడు కొటేషన్ గారు ఒరగబోయాడు, ఆవిడ భుజం పట్టుకుని నిలబెట్టింది. పని పూర్తయ్యాక డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పింది. "వచ్చే వారం మిగతా రెండూ తీద్దాం. క్లిప్పులు బిగించాక నెలకోసారి వస్తే చాలు. ఇక తోడక్కర్లేదు."

"తోడక్కర్లేదని ఉత్తర్వులో లేదండీ," అంది ఆడిట్ మేడమ్. "పర్యవేక్షించమని ఉంది. పని పూర్తయ్యేదాకా నేను రావాల్సిందే."

"మీ ఇష్టం," అంది డాక్టరు. "రెండేళ్ళన్నాను గానీ, ఎముక బాగుంది. ఏడాదిన్నరలోనే అయిపోవచ్చు."

కొటేషన్ గారి మొహం వాడిపోయింది. నోటినిండా దూది ఉన్నా మాట కూడదీసుకున్నాడు. "ఇంకా ఎక్కువ కాలం పట్టే పద్ధతేమైనా ఉందా డాక్టరుగారూ?"

కొటేషన్ గారు గడువు పెంచమని ఒకరిని అడగడం ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి.