గరుకు గోడకు గరుకు కాగితం

గరుకు గోడ మీద వాల్‌పేపర్ అంటించుకోని కుటుంబాలను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, సాయంత్రాలు ఏం చేసుకుంటారో! టీవీ చూస్తారు, తిని పడుకుంటారు. అదీ ఒక బతుకేనా?

మేమూ మొన్నమొన్నటి దాకా ఆ అజ్ఞానంలోనే ఉన్నాం. మా హాల్లో కిటికీ పక్క గోడకు టెక్స్చర్ ఉంది. అది మా బావమరిది కళాఖండం. ఏదో వీడియో చూసి, రంగులో ఇసకలాంటిదేదో కలిపి, రోలర్ పట్టుకుని స్వహస్తాలతో దిద్దాడు. రాసుకుంటూ వెళ్తే మోచెయ్యి గీరుకుపోతుంది. వచ్చినవాళ్లు "ప్లాస్టరింగ్ ఇంకా అవలేదా?" అని అడిగేవారు. అయినా నాకా గోడంటే అభిమానమే. దాని పక్కనే నా కుర్చీ ఉండేది.

కుర్చీ గురించి ఒక్కమాట. వీపు ఎత్తుగా ఉండే పాత చెక్కకుర్చీ. ఎడమచెయ్యి కొంచెం ఊగుతుంది. ఈ ఇంట్లో నాదీ అని చెప్పుకోదగ్గ చోటు అదొక్కటే. మిగతా ఇల్లంతా మా ఆవిడదీ, మా అమ్మాయిదీ, వాళ్ల చార్జర్లదీ. నా రాతలన్నీ అందులో కూర్చుని రాసినవే. బాగుంటే కుర్చీ చలవ, బాగోకపోతే ఆవేళ మోచేతికి గోడ గుచ్చుకుందని అర్థం.

ఇంతలో మా ఆవిడ ఆ గోడకు వాల్‌పేపర్ వేయిద్దామంది. శాంపిల్ పుస్తకాలు ఇంటికొచ్చాయి. చూశారా ఆ కాగితం మహిమ! ముగ్గురం ఫోన్లు పక్కనబెట్టి ఒకే సోఫాలో కూర్చున్నాం. ఆవిడకు పువ్వులు నచ్చాయి. అమ్మాయికి చారలు నచ్చాయి. నేను పక్షుల డిజైన్ చూపిస్తే, "రోజంతా అవి మనవంకే చూస్తుంటాయి, నాకొద్దు" అంది ఆవిడ. నచ్చిన ముక్కలు గోడకు టేపుతో అంటించి, ఎండలో ఒకసారి, లైటేసి ఒకసారి చూశారు. నన్ను చేసుకునే ముందు కూడా ఆవిడ ఇంత పరీక్షగా చూడలేదు!

చివరికి అందరికీ నచ్చింది ఏమిటనుకున్నారు? గరుకు గోడ బొమ్మ అచ్చేసిన కాగితం!

"చెయ్యి పెట్టి చూడండి, ఎంత నున్నగా ఉందో!" అంది ఆవిడ మురిసిపోతూ. గరుకు గోడను దాచడానికి గరుకు గోడ బొమ్మ! ఇంతకు మించిన వేదాంతం ఉంటుందా?

వాల్‌పేపర్ వేసే మేస్త్రి వచ్చి గోడను అరచేత్తో తడిమాడు. "దీన్ని గీకేసి, పుట్టీ పెట్టి నున్నగా చెయ్యాలమ్మా. లేకపోతే కాగితం నిలవదు."

"గీకుతారా! మా అన్నయ్య ఎంత బాధపడతాడు? పైన వేసెయ్యండి చాలు" అంది ఆవిడ.

అన్నగారి గోడను గీకితే అవమానం, కప్పేస్తే గౌరవం. మేస్త్రి తల గోక్కున్నాడు. "మీ ఇష్టం. నిలిస్తే నిలుస్తుంది" అన్నాడు. ఇంత నిజాయితీగా గ్యారంటీ ఇచ్చేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ?

జిగురు రాశాడు, పైనుంచి కిందికి పరిచాడు, బ్రష్‌తో అదిమాడు, వెళ్లిపోయాడు. హాలు మెరిసిపోయింది. మా అమ్మాయి ఫొటో తీసి నాకు చూపించింది.

"నాన్నా, ఇది మ్యాచ్ అవట్లేదు."

ఫొటోలో కుర్చీ ఉంది. కుర్చీలో నేనున్నాను. ఏది మ్యాచ్ అవట్లేదో నేను అడగలేదు. కుర్చీ బాల్కనీలోకి, బట్టలు ఆరేసే స్టాండు పక్కకి వెళ్లింది. దాని వెనకే నేనూ వెళ్లాను. తడి తువ్వాలు చెంపకు కొట్టుకుంటుంటే ఒక్క వాక్యమూ రాయలేకపోయాను. నిజం చెప్పొద్దూ, కడుపు మండిపోయింది. కానీ మనం వాల్‌పేపర్ వల్ల లాభాలు కదా మాట్లాడుకుంటున్నాం!

ఆరోగ్యం సంగతి చూడండి. వారం తిరక్కుండానే గోడ మీద బుడగలు లేచాయి. గోడ గుంటల్లో కాగితం పట్టుకోలేదు మరి! ఒక బుడగను నొక్కితే అది పక్కకు పారిపోయేది. పొద్దున్నే తల్లీకూతుళ్లు గోడ పొడుగునా దాని వెంటపడేవారు. ఏ జిమ్ములో ఉందండీ ఇంత వ్యాయామం?

ఆ తర్వాత కాగితం అతుకు దగ్గర ఊడొచ్చింది. సరిగ్గా మనిషి వీపంత మేర. అప్పుడే బావమరిది ఫోన్ చేశాడు, ఆదివారం వస్తున్నానని. మా ఆవిడ గుండెల్లో రాయి పడింది. ఆయన చూస్తుండగా కాగితం ఊడి, లోపల్నుంచి ఆయన గోడే తొంగి చూస్తే? కాగితానికి అడ్డుగా సోఫా జరిపారు, ఎత్తు చాల్లేదు. బీరువా కదల్లేదు. అప్పుడు ఆవిడ చూపు మెల్లగా బాల్కనీ వైపు తిరిగింది.

నా కుర్చీ సగౌరవంగా హాల్లోకి తిరిగొచ్చింది! గోడకు ఆనించారు. కాసేపటికి కాగితం దాన్ని ముందుకు నెట్టేసింది.

"ఏమండీ, బరువు చాలట్లేదు. మీరూ కూర్చోండి" అంది ఆవిడ.

కూర్చున్నాను. బావమరిది వచ్చాడు. గోడ చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశావా చెల్లీ, నా గోడ ఇన్నేళ్లయినా ఎలా ఉందో! నిన్న వేసినట్టే ఉంది!"

మా ఆవిడ నావంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను.

"ఏం బావా, ఇంటికొచ్చినవాణ్ని చూసి కాస్త లేవొచ్చు కదా?" అన్నాడు ఆయన.

లేవబోయాను. "కూర్చోండి!" అని తల్లీకూతుళ్లు ఒక్కసారే అరిచారు. నేను ఆ ఇద్దరి నోటా ఈ మాట వినాలని ఎన్నాళ్లనుంచో ఎదురుచూస్తున్నాను.

కాబట్టి పాఠకులారా, వాల్‌పేపర్ వేయించుకోండి. ఇంట్లో మీ విలువ తెలుస్తుంది. నేను అడిగింది నా చోటు. వాళ్లు నాకు ఉద్యోగమే ఇచ్చారు. ఇదంతా గోడకు కుర్చీ ఆనించే రాస్తున్నాను. బావమరిది ఇంకో రెండ్రోజులు ఉంటాడట. మీలో ఎవరైనా ఇటువైపు వస్తే, కాసేపు ఈ కుర్చీలో కూర్చుని పుణ్యం కట్టుకోండి. నేను బాల్కనీలోకి వెళ్లి కాళ్లు చాపుకోవాలి.