గోడకు మేకు కొట్టరాదు

ఆ రోజు పొద్దున కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందరాళే స్నానం చేసి, ప్లానింగు ఆఫీసుకు వెళ్ళి, పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటామని అడిగి, వాళ్ళు సరేనంటే తిరిగొచ్చి వేళకు తన కళ్ళజోళ్ళ దుకాణం తలుపులు తీయాలి. అంతే. ఇల్లు కట్టి చూడు అన్న పెద్దమనిషి, ముందు అనుమతి తెచ్చి చూడు అని కూడా ఒక్క మాట అనుంటే ఈయన అంత ధీమాగా బయల్దేరేవాడు కాదు.

ఆ పాత ఇల్లు ఊరికి దూరంగా పొలాల మధ్య ఉంది. భార్యకు ఆవిడ మేనత్త రాసిచ్చిపోయిన పెంకుటిల్లు. మేనత్త కాలం చేయడానికి చాలా ముందే ఆ ఇంటికి తాళం పడింది. తర్వాత ఆ తాళం ఉంది గానీ తలుపు లేదు. పక్క పొలం రైతుగారి ఆవు ఎండ ముదరగానే వచ్చి ముందు గదిలో పడుకునేది. న్యాయంగా చెప్పాలంటే ఆ ఇంట్లో కాపురం ఉంటున్నది ఆ ఆవు ఒక్కటే.

మరి అలాంటి కొంప మీద ఇంత ఆశ ఎందుకంటారా? పెళ్ళయిన దగ్గర్నుంచీ వీళ్ళది అద్దె బతుకు. ఇల్లు మారినప్పుడల్లా ఓనరు మారేవాడు గానీ, ఓనరు మొదటి మాట మాత్రం మారేది కాదు: "గోడకు మేకు కొట్టకూడదు." ఆవిడకు వాళ్ళ నాన్న ఇచ్చిన గోడగడియారం ఒకటుంది. పాపం ఆ గడియారం ఇన్నేళ్ళలో ఒక్క గోడనూ ఎరగదు. అట్టపెట్టెలో పడుకుని ఇల్లిల్లూ తిరుగుతోంది. ఆ ఇంట్లో టైము చూడాలంటే మంచం కిందకు వంగి, పెట్టె మూత తీసి, తొంగి చూడాలి.

"నాకు మేడలూ మిద్దెలూ వద్దండీ," అనేది ఆవిడ. "నా గోడ, నా మేకు. నా చేత్తో కొట్టుకోవాలి. ఆ తర్వాత చచ్చిపోయినా ఫర్లేదు."

"మేకు కొట్టి చచ్చిపోవడం ఎందుకే, కాసేపు టైము చూసుకో," అనేవాడాయన. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ ఆయనకు లోపల కలుక్కుమనేది.

ప్లానింగు ఆఫీసులో కిటికీ అవతల కూర్చున్న గుమాస్తా పాతకాపు. అడిగింది విని ముక్కు మీది కళ్ళజోడు సర్దుకున్నాడు. దాని ఫ్రేము వదులైందని ఈయనకు చెయ్యి దురద పెట్టింది గానీ, ఊరుకున్నాడు.

"చూడండీ, పొలాల మధ్య ఎవరికి పడితే వాళ్ళకు కొత్త ఇల్లు కట్టనివ్వం. పొలాలన్నీ ఇళ్ళయిపోతే రేపు తినేదేంటి? కాకపోతే అక్కడ ముందే ఇల్లుంటే, దాని స్థానంలో ఇంకోటి కట్టుకోవచ్చు."

"ఉందండీ! పాతది! మహా పాతది!"

"ఉంటే చాలదు. గోడలు నిలబడి ఉండాలి. లోపల మనుషులు కాపురం ఉండాలి. వదిలేసి పాడుబెట్టుకున్నదాన్ని మేం ఇల్లనం, రాళ్ళకుప్ప అంటాం. ఉంటున్నారా మనుషులు?"

కళ్ళజోళ్ళాయనకు ఆవు గుర్తొచ్చింది. "ఉంటు... ఉంటాం," అన్నాడు.

"సరే. వచ్చే వారం ఆఫీసరు మేడం వచ్చి చూస్తారు. ఇంకో నిబంధన కూడా ఉందండోయ్, అసలుది అదే. టీ తాగొచ్చి చెప్తాను, కూర్చోండి." గుమాస్తా కిటికీ మూసుకుని వెళ్ళిపోయాడు.

కూర్చోవాల్సింది. కూర్చోలేదు. దుకాణం తీసే వేళయిందని లేచి వచ్చేశాడు. ఆఫీసు గుమాస్తా టీ ఎంత పొడుగో తెలిసినవాళ్ళెవరూ ఆయన్ను తప్పు పట్టలేరు గానీ, కొంప మునిగింది సరిగ్గా అక్కడే.

"ఆ రెండో నిబంధన ఏమై ఉంటుందండీ?" అని సంగతంతా విన్నాక భార్య అడిగింది.

"ఏముంటుందే! ఇల్లు శుభ్రంగా, చక్కగా ఉండాలని ఉంటుంది. ఇల్లు చూడ్డానికొచ్చేవాళ్ళు ఎవరైనా చూసేది అదేగా!"

ఆవిడకు అదే నిజమనిపించింది. ఎందుకనిపించదూ? జన్మలో వాళ్ళు చూసిన తనిఖీ ఒక్కటే, ఇంటి ఓనరు తనిఖీ. ఓనరు వస్తున్నాడంటే గోడ మీది మరకకు క్యాలెండరు అడ్డం పెట్టాలి, విరిగిన టైలు మీద చాప వేయాలి, ఇల్లు అద్దంలా ఉంచి నవ్వుతూ నిలబడాలి. ఆ విద్యలో ఆ కుటుంబానిది అందె వేసిన చెయ్యి.

అబద్ధం ఎందుకని నిజంగానే అక్కడ కాపురం పెట్టేశారు. మంచాలూ గిన్నెలూ ఆవిడ అత్తగారూ ఒకే బండిలో దిగారు. ఆవును బతిమాలి బయటికి పంపారు. చీపుర్లు పట్టారు, పెంకులు సర్దారు, తలుపు తెచ్చి ఆ పాత తాళానికి తోడిచ్చారు. చిన్న పగుళ్ళకు సున్నం పూశారు, పెద్ద పగుళ్ళకు పరదాలు కట్టారు. ముందు గది పక్కగోడకు మాత్రం ఏ పరదా చాల్లేదు. ఆ పగుల్లోంచి పక్క పొలంలో ఆవు మొహం మొత్తం కనిపిస్తోంది.

"మా తమ్ముణ్ణి పిలుద్దామండీ," అంది ఆవిడ.

ఆవిడ తమ్ముడు నాటకాలకు తెరలూ అట్టగోడలూ వేసే పెయింటరు. రాజమందిరం కావాలంటే పొద్దున్నకల్లా నిలబెడతాడు. అది మూడో అంకం దాకా నిలబడితే చాలన్నది అతని సిద్ధాంతం. వచ్చాడు, గోడను చేత్తో తట్టాడు, రాలిన మట్టి దులుపుకున్నాడు.

"బావా, దీన్ని ముట్టుకోవద్దు. దీని ముందు ఇంకో గోడ పెడదాం."

"నమ్మేలా ఉంటుందా?"

"నాటకంలో గోడ చూసి జనం ఏడ్చారు బావా!"

"గోడ చూసి ఏడవడమేంట్రా?"

"అంటే, హీరోయిన్ ఆ గోడకే తల బాదుకుంది."

ప్లైవుడ్ చెక్కలు బిగించి, తెల్లటి గోడ వేశాడు. బోసిగా ఉందని దాని మీద ఒక కిటికీ వేశాడు. కిటికీలోంచి కొండలు, కొండల వెనక సూర్యోదయం. వద్దురా అంటే వింటాడా, కళాకారుడాయె! "సరే గానీ, ఆ సూర్యుణ్ణి తీసేయ్. ఆఫీసరు మేడం సాయంత్రం వస్తానంటే ఏం చేస్తాం?" అని బావ కాళ్ళావేళ్ళా పడితే ఆ ఒక్కటీ చెరిపాడు.

ఇక మిగిలింది అత్తగారు. ఆవిడకు పాఠం చెప్పారు. "అమ్మా, ఆఫీసరమ్మ అడిగితే ఇక్కడే ఉంటున్నాం అను. ఇంకేం మాట్లాడకు."

"నాకు చెప్పకు నాయనా. ఎంతమంది ఓనర్లను చూశాను!" అంది అత్తగారు.

ఆఫీసరమ్మ వచ్చింది. ఎత్తుగా, తక్కువ మాటల మనిషి. చెప్పులు వదిలి, లోపలికొచ్చి, పైకి చూసింది, కిందకు చూసింది. కళ్ళజోళ్ళాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"ఇక్కడే ఉంటున్నారా?"

"ఇక్కడేనండీ! అదిగో మంచం, ఇదిగో పొయ్యి, అదుగో మా అమ్మ!"

"గదిలో ఉక్కగా ఉంది. ఆ కిటికీ కాస్త తెరవండి."

నలుగురూ కొయ్యబారిపోయారు. భార్యే ముందు తేరుకుంది. "తెరిస్తే దుమ్మండీ. అటువైపు... కొండలు కదా, గాలెక్కువ."

ఆఫీసరమ్మ కిటికీ వంక చూసింది. వచ్చేటప్పుడు దారిలో ఆవిడకు కొండలేవీ తగల్లేదు. అయినా ఏమీ అనకుండా అత్తగారి వైపు తిరిగింది. "ఇల్లెలా ఉందమ్మా? వర్షం వస్తే ఇబ్బందేమైనా..."

ఓనరడిగినట్టే ఉంది ప్రశ్న. ఇంకేం, అత్తగారు ఆనకట్ట తెగినట్టు అందుకుంది. "ఇబ్బందా! ఇల్లు బంగారం తల్లీ! చుక్క కారితే ఒట్టు. గోడలా, ఏనుగొచ్చి గుద్దినా కదలవు. మాకే లోటూ లేదు. ఇంకో నూరేళ్ళయినా ఇందులోనే ఉంటాం, మీరేం దిగులు పెట్టుకోకండి!"

కొడుకు వెనక నుంచి సైగలు చేశాడు. పొగడ్త చాల్లేదు కాబోలనుకుని ఆవిడ పెంకుల గురించి కూడా ఎత్తుకుంది.

అంతా విని, కోడలిచ్చిన టీ కప్పు అందుకుని, ఆఫీసరమ్మ నిట్టూర్చింది. "గుమాస్తా మీకు రెండో నిబంధన చెప్పలేదా?"

"ఆయన టీకి వెళ్ళారండీ."

"కాపురం ఉండాలి, నిజమే. కానీ ఆ ఇల్లు కాపురానికి పనికిరాకుండా కూడా ఉండాలి. అప్పుడే పడగొట్టి కొత్తది కట్టుకోనిస్తాం. ఇంత దివ్యమైన ఇంటిని పడగొట్టమని నేనెలా రాస్తానండీ? హాయిగా ఇందులోనే ఉండండి."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. కళ్ళజోళ్ళాయన మంచం మీద కూలబడ్డాడు. సున్నం కోసం పడ్డ పాట్లు, పెంకుల కోసం ఎక్కిన నిచ్చెనలు, బావమరిదికి మేపిన మేత అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. వారం రోజులు చాకిరీ చేసి, కొత్త ఇంటిని సొంత చేతుల్తో సొంతం కాకుండా చేసుకున్నాడు. అన్నిటికంటే ఘోరం, ఆయన తల ఎత్తి భార్య మొహం చూడలేకపోయాడు.

ఆవిడ ఏడవలేదు. ఆఫీసరమ్మను అడిగింది. "అయితే మేడం, ఇక ఇదే మా ఇల్లు. అంతేగా?"

"అంతేనమ్మా."

"ఇందులో నేనేం చేసుకున్నా ఎవర్నీ అడగక్కర్లేదు?"

"మీ ఇంట్లో మిమ్మల్ని అడిగేదెవరు?"

ఆవిడ మంచం కిందకు వంగి అట్టపెట్టె లాగింది. నాన్న గడియారం తీసి, చీర కొంగుతో తుడిచి, మొగుడి ఒళ్ళో పెట్టింది. తమ్ముడి సంచీలోంచి సుత్తీ మేకూ తీసుకుంది. ఆవిడ మొహం పెళ్ళినాటికంటే వెలిగిపోయింది. కొండల కిటికీ పక్కన, గడియారం బాగా కనిపించే చోటు చూసుకుని, మేకు ఆనించింది.

"అక్కా! ఆ గోడకొద్దే!" అని తమ్ముడు అరిచేలోగా ఒక్క దెబ్బ వేసింది.

ముందు లోపల ఎక్కడో మట్టి జలజలమన్న చప్పుడైంది. తర్వాత కొండలు కదిలాయి. తర్వాత కిటికీ, దాని వెనక అసలు గోడ, దాని పైనున్న పెంకులు, అన్నీ కలిసి బయటివైపుకు దభీమని పడిపోయాయి. దుమ్ము గుప్పున లేచింది. అది అణిగేసరికి, సూర్యోదయం ఉండాల్సిన చోట ఆవు నిలబడి నెమరు వేస్తోంది. దారి ఖాళీ అయిందని దానికి అర్థమైనట్టుంది, నింపాదిగా లోపలికొచ్చి తన పాత చోట్లో పడుకుంది.

ఆవిడ సుత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అత్తగారే మొదట గొంతు సవరించుకుంది. "ఆ ఒక్క గోడ తప్ప మిగతావన్నీ గట్టివేనమ్మా."

ఆఫీసరమ్మ టీలో పడ్డ పెంకు ముక్క తీసి పక్కన పెట్టింది. తెరల పెయింటరు వైపు చూసింది. "ఆ కొండలు నువ్వే వేశావా?"

"అవును మేడం."

"బాగున్నాయి. ఇంకెప్పుడైనా ఆఫీసు వాళ్ళకు చూపించడానికి వేశావంటే మాత్రం నీ మీద కేసు రాస్తాను." అని కళ్ళజోళ్ళాయన వైపు తిరిగింది. "నేనొచ్చేసరికి గోడ నిలబడే ఉంది, చూశాను. కాపురం ఉన్నారు, మీరిచ్చిన టీ కూడా తాగాను. ఇక రెండోది. ఇల్లాలు ఒక్క మేకు కొట్టుకోవడానికి వీల్లేని ఇల్లు కాపురానికి పనికొస్తుందని ఎవరంటారు? కట్టుకోండి. పాత కొలతకు ఒక్క జానెడు కూడా పెరగకూడదు."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. గడియారాన్ని కౌగలించుకుని మరీ ఏడ్చింది. మొగుడు కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈసారి నిజంగానే తడిసింది.

కొత్త ఇల్లు లేచింది. అదే చోటు, అదే కొలత. ఆవుకు పెరట్లో విడిగా పాక వేశారు. అందులో చేరడానికి అది ఇష్టపడలేదు గానీ, ఆ గొడవ వేరే. గోడలకు రంగు ఆరిన రోజు ఆవిడ పెట్టె తెరిచి, గడియారం తీసి, సుత్తి పట్టుకుని ముందు గదిలోకి వచ్చింది.

కళ్ళజోళ్ళాయన గోడకు వీపానించి, రెండు చేతులూ బారచాపి నిలబడి ఉన్నాడు.

"తప్పుకోండి."

"ఏమేవ్, నీకు దణ్ణం పెడతాను. కొత్త గోడే! నున్నగా ఎలా ఉందో చూడు. బల్ల మీద పెడితే టైము కనపడదా?"

"ఒక్క మేకేనండీ!"

"ఆ ఒక్క మేకు సంగతి నాకు తెలీదూ? ఇల్లు నిలబడనీయవే!"

ఆవిడ అత్తగారి వంక చూసింది. వంటింటి గుమ్మంలో కూర్చున్న అత్తగారు ఎంతోమంది ఓనర్లను చూసిన మనిషి కాబట్టి, ఈ ఓనరునూ గుర్తుపట్టి, కోడలికి అట్టపెట్టె మూత తెచ్చి అందించింది.