ఓటమిని రద్దు చేసిన ఖాళీ మెసేజ్

ఓడిపోకుండా ఉండే హక్కు రాజ్యాంగం మనకివ్వలేదు. ఆ లోటును ఒక కంప్యూటర్ గేమ్ కంపెనీ తీర్చింది! ఆ కంపెనీకి ఘనసన్మానం జరగాలని నా డిమాండ్.

గవర్నర్‌పేటలో అంతోనిగారి గేమ్ సెంటర్ ఉంది. పదహారు కంప్యూటర్లు, అన్నిటికీ పెద్దదిక్కుగా ఒక సర్వర్. పదహారుమందీ తెర మీద ఒకరినొకరు కాల్చుకుంటూ ఉంటారు. వారిలో ఎవరైనా సర్వర్‌కి ఒక ఖాళీ మెసేజ్ పంపితే చాలు, ఏం చేయాలో తోచక అది చతికిలబడుతుంది. అందరి ఆటా గోవిందా! ఇంతటి సమానత్వం ఏ పార్టీ మేనిఫెస్టోలో ఉందండీ?

మొదట్లో నేరం కరెంటుదన్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నా సరే, కరెంటే! ఆటకు వచ్చే సంజీవరావు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగి కావడం అతని ఖర్మ. సర్వర్ పడినప్పుడల్లా అందరూ అతని మీద పడేవారు.

"నాది బొగ్గు సెక్షనండీ బాబూ!" అని మొత్తుకునేవాడు.

అసలు కారణం కనిపెట్టింది ఇంజనీరింగ్ చదివే స్టెల్లా. కంపెనీకి ఈమెయిల్ రాసింది. "సభ్యత గల ఆటగాళ్లు అలాంటి మెసేజ్ పంపరు" అని జవాబొచ్చింది. తలుపుకి గడియ లేదంటే, మంచివాళ్లు దొంగతనానికి రారని చెప్పే వడ్రంగి ఎంత సంస్కారవంతుడు!

2003 ఆగస్టులో ఆ సెంటర్లోనే పోటీ పెట్టారు. గెలిచినవారు రాష్ట్రస్థాయి పోటీకి హైదరాబాద్ వెళ్తారు. ఫైనల్లో స్టెల్లా, గంగాప్రసాద్ తలపడ్డారు. స్టెల్లాకి ఇంకొక్క పాయింట్ చాలు. సర్వర్ పడింది! మళ్లీ ఆడించారు. సరిగ్గా అక్కడే మళ్లీ పడింది. మూడోసారీ అంతే!

మన సభల ఆనవాయితీ ప్రకారం సబ్జెక్టు తెలియనివాడే ముఖ్య అతిథి. అంటే నేనే. తీర్పు నాకప్పగించారు. శాలువా సర్దుకుని రూపాయి బిళ్ల ఎగరేశాను. గంగాప్రసాద్ నెగ్గాడు.

"మూడుసార్లూ అతనే పడేశాడండీ," అంది స్టెల్లా.

"రుజువేదమ్మా?" అన్నాను ఠీవిగా.

"ఉంటే ఆ సర్వర్‌లోనే ఉండాలండీ. అదేగా పడిపోయింది!"

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.

వారం తిరక్కుండా గంగాప్రసాద్ హైదరాబాద్ పోటీలో ఓడి, ఊగిపోతూ నా దగ్గరకొచ్చాడు. "ఘోరమండీ! గెలుస్తుంటే అవతలివాడు ఖాళీ మెసేజ్ కొట్టాడు. పడే తీరు చూస్తే నాకు తెలీదాండీ? ఇక్కడ నేను కొట్టినప్పుడు కూడా..." అని నాలిక్కరుచుకున్నాడు.

పరిగెత్తుకెళ్లి స్టెల్లాకి చెప్పాను. నన్ను తిట్టలేదు.

"అయితే నన్ను పంపిస్తారాండీ?" అంది.

"పోటీ అయిపోయిందమ్మా," అన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆట తెలియనివాణ్ణి శాలువా కప్పి న్యాయమూర్తిని చేసే లోపాన్ని సరిచేయమని ఏ కంపెనీకి రాయాలో, దయచేసి ఎవరైనా చెప్పండి.